గోకితే తీరే దురద కాదు!

సోరియాసిస్ అంటే చాలామందికి మచ్చలే గుర్తొస్తాయి. ఉన్నవాళ్లను కదిపితే మాత్రం దురద గురించే చెబుతారు. నిద్రనూ, పనినీ, మనసునూ పాడుచేసే ఆ దురదకు మందుంది. ఏ మందు, ఎప్పుడు, ఎవరికి అన్నదే ప్రశ్న.

రాత్రి రెండు గంటలు. గచ్చిబౌలిలో పన్నెండో అంతస్తు ఫ్లాటు. కిటికీలోంచి చూస్తే అవుటర్ రింగు రోడ్డు మీద లారీల దీపాలు, ఆ పక్కన ఇంకా వెలుగుతున్న అద్దాల మేడలు. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరూ మంచం అంచున కూర్చుని మోకాలి కింద గోకుతున్నారు. ఆపాలని తెలుసు. చెయ్యి ఆగడం లేదు. తెల్లారేసరికి దుప్పటి మీద తెల్లటి పొట్టు, అక్కడక్కడా నెత్తుటి చుక్కలు. పనమ్మాయి వచ్చేలోపు దులిపేయాలి. తొమ్మిదిన్నరకు మీటింగు. మే నెల ఎండలోనూ పొడుగు చేతుల చొక్కానే. అదీ నల్లది కాకూడదు. భుజాల మీద పొట్టు రాలితే ఇట్టే కనిపిస్తుంది మరి!

ఇది ఏ ఒక్కరి కథో కాదు. మన దేశంలో జరిగిన వేర్వేరు అధ్యయనాల ప్రకారం నూటికి 0.44 నుంచి 2.8 మంది దాకా సోరియాసిస్‌తో బాధపడుతున్నారు. లక్షల మంది పనిచేసే మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల్లో తక్కువ లెక్క వేసుకున్నా వేలమంది ఉంటారు. పైగా ఈ జబ్బు ఎక్కువగా బయటపడేది ఇరవై, ముప్ఫై ఏళ్ల వయసులోనే. సరిగ్గా ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అనుకునే సమయంలో!

పేరులోనే దురద

సోరియాసిస్ అన్న మాటకు మూలం 'సోరా' అనే గ్రీకు పదం. అంటే దురద. విచిత్రమేమిటంటే, ఈ జబ్బులో దురద పెద్దగా ఉండదనే వైద్య పుస్తకాలు చాలాకాలం చెప్పుకొచ్చాయి. బాధితులనే నేరుగా అడగడం మొదలుపెట్టాక లెక్క మారిపోయింది. పలు దేశాల అధ్యయనాల్లో నూటికి 60 నుంచి 90 మంది తమకు దురద ఉందనే చెప్పారు.

అసలు ఏమవుతుందంటే... క్రిముల మీద పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ శత్రువు లేకుండానే యుద్ధం మొదలుపెడుతుంది. టీఎన్‌ఎఫ్, ఐఎల్-17, ఐఎల్-23 లాంటి రసాయన సంకేతాలు చర్మాన్ని తొందరపెడతాయి. మామూలుగా చర్మకణం పుట్టి, పైకి వచ్చి రాలిపోవడానికి నెల రోజులు పడుతుంది. ఇక్కడ ఆ పని నాలుగైదు రోజుల్లోనే అయిపోతుంది. పాతవి రాలకముందే కొత్తవి వచ్చి పడతాయి. అలా పేరుకున్నవే ఎర్రటి మచ్చల మీది వెండిరంగు పొలుసులు. మోచేతులు, మోకాళ్లు, నడుము, మాడు వీటికి ఇష్టమైన చోట్లు.

ఇది అంటువ్యాధి కాదు. షేక్‌హ్యాండ్ ఇచ్చినా, ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నా, ఒకే ఈతకొలనులో దిగినా రాదు. అయినా భయం పోలేదు. దానికీ ఒక చరిత్ర ఉంది. శతాబ్దాల పాటు సోరియాసిస్‌ను కుష్ఠుతో కలిపి చూశారు. రెండూ వేరని 1841లో వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ వాన్ హెబ్రా స్పష్టంగా విడదీసి చెప్పాడు. ఆ తర్వాత 173 ఏళ్లకు, 2014 మే నెలలో, ప్రపంచ ఆరోగ్య సభ సోరియాసిస్‌పై ప్రత్యేకంగా తీర్మానం చేసింది. బాధితుల మీద వివక్ష పోవాలని కోరింది.

రాత్రే ఎందుకంత?

పగలంతా పనిలో పడి మరిచిపోయిన దురద పక్క మీదికి చేరగానే గుర్తుకొస్తుంది. అది కేవలం మనసు చేసే పని కాదు. రాత్రివేళ చర్మం కాస్త వేడెక్కుతుంది. చర్మంలోని తేమ ఎక్కువగా ఆవిరైపోతుంది. మంటను అణచిపెట్టే కార్టిసాల్ హార్మోను ఒంట్లో తగ్గుతుంది. ధ్యాస మళ్లించే పని కూడా ఉండదు. అన్నీ కలిసి దురదకే కలిసొస్తాయి.

చాలామంది వెంటనే అలర్జీ మాత్ర వేసుకుంటారు. దద్దుర్లకు పనిచేసిన మాత్ర దీనికీ పనిచేస్తుందని ఆశ. దద్దుర్లలో దురదకు కారణం హిస్టమిన్. సోరియాసిస్‌లో ప్రధాన పాత్ర దానిది కాదు. అందుకే మగత తెప్పించే రకం మాత్రలు నిద్రకు కాస్త సాయపడితే పడతాయేమో గానీ, దురద మూలాన్ని తాకవు. మూలం మచ్చలోని మంట. అది చల్లారితేనే దురదా చల్లారుతుంది.

మరి గోకితే? ఆ క్షణానికి హాయి. తర్వాత గోరుచుట్టు మీద రోకటి పోటే. గీరుకున్న చోట, దెబ్బ తగిలిన చోట కొత్తగా సోరియాసిస్ మచ్చ లేస్తుంది. 19వ శతాబ్దంలో దీన్ని గమనించిన జర్మన్ వైద్యుడు హైన్రిక్ కోబ్నర్ పేరిట దీన్ని కోబ్నర్ లక్షణం అంటారు. సాధారణంగా గీరిన పది, ఇరవై రోజులకు మచ్చ తేలుతుంది. అంటే ఈ రాత్రి గోకుడు ఫలితం వచ్చే నెల జీతం పడేలోపు కనిపిస్తుందన్నమాట!

'కొంచెం ఓర్చుకో, గోక్కోకు' అని ఇంట్లోవాళ్లు చెప్పడం తేలికే. తీవ్రమైన దురదను పట్టుదలతో ఆపడం మాత్రం ఎవరి వల్లా కాదు. గోకడం చేతగానితనం కాదు. చికిత్స చాలడం లేదని ఒళ్లు చెప్పే మాట అది.

స్నానాల గది నుంచే మొదలు

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు, వెళ్లొచ్చాక కూడా, ఇంట్లో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇవి జబ్బును తగ్గించవు గానీ దురద పదును తగ్గిస్తాయి.

సలసల కాగే నీళ్లు పోసుకుంటే అప్పటికి సుఖంగానే ఉంటుంది. ఆ తర్వాత చర్మం ఎండిపోయి దురద రెట్టింపవుతుంది. గోరువెచ్చటి నీళ్లు, పది నిమిషాల్లోపు స్నానం చాలు. పీచుతో తోమడం, నలుగు పెట్టి రుద్దడం వద్దు. పొలుసులు ఊడదీస్తే మచ్చ పోతుందనుకోవడం పొరపాటు. తువ్వాలుతో అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే పెట్రోలియం జెల్లీ గానీ, వాసన లేని మాయిశ్చరైజర్ గానీ, కొబ్బరినూనె గానీ రాసుకోవాలి. ఒళ్లు ఆరిపోయాక రాస్తే సగం లాభమే.

ఐటీ కారిడార్‌లో చాలా అపార్టుమెంట్లకు బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లే దిక్కు. ఉప్పు ఎక్కువున్న నీళ్లలో సబ్బు సరిగా వదలదు, చర్మం బిరుసెక్కుతుంది. అలాంటిచోట ఘాటైన సబ్బులు మానేయడం మంచిది. ఆఫీసులో రోజంతా ఏసీ గాలి. డెస్కు సొరుగులో చిన్న మాయిశ్చరైజర్ డబ్బా ఉంచుకుంటే మధ్యాహ్నం ఒకసారి రాసుకోవచ్చు. దురద ముంచుకొచ్చినప్పుడు గోరు బదులు తడిగుడ్డ, లేదా గుడ్డలో చుట్టిన ఐసు ముక్క పెట్టినా ఉపశమనమే. గోళ్లు పొట్టిగా ఉంచుకోవాలి. పడుకునేటప్పుడు వదులైన నూలు బట్టలు వేసుకోవాలి.

సిగరెట్, మద్యం, ఊబకాయం, మానసిక ఒత్తిడి సోరియాసిస్‌ను ఎగదోస్తాయి. కొన్ని రకాల బీపీ మాత్రలు, మలేరియా మందులు, మానసిక సమస్యలకు వాడే లిథియం కూడా పెంచొచ్చు. కాబట్టి వేరే జబ్బులకు వాడే మందుల చీటీ కూడా చర్మ వైద్యుడికి చూపించాలి. అంతేగానీ సొంతంగా ఆపేయకూడదు.

చీటీ లేని క్రీము

గల్లీ మందుల షాపులో 'దురదకు ఏదైనా ఇవ్వండి' అంటే చేతిలో పడేది చాలాసార్లు స్టెరాయిడ్ కలిసిన క్రీమే. మూడు రోజుల్లో మాయ చేసినట్టు తగ్గుతుంది. ఆపగానే మళ్లీ వస్తుంది. మళ్లీ ఇంకో ట్యూబు... ఇలా నెలలు గడిచేసరికి చర్మం కాగితంలా పలచబడుతుంది, చారలు పడతాయి. ఒకవేళ ఆ దురద సోరియాసిస్ కాక తామర అయితే, స్టెరాయిడ్ రాసేకొద్దీ అది ఒళ్లంతా పాకుతుంది. ఈ దుర్వినియోగం మీద చర్మ వైద్యులు ఏళ్ల తరబడి పోరాడాక, 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు.

నిజానికి స్టెరాయిడ్ క్రీము చెడ్డది కాదు. డాక్టరు చెప్పిన బలంలో, చెప్పినన్ని రోజులు వాడితే తక్కువ మచ్చలకు అదే మొదటి మందు. దానికి తోడు విటమిన్-డి తరగతికి చెందిన కాల్సిపోట్రియాల్, మాడుకు తారు షాంపూ, మందపాటి పొలుసులకు శాలిసిలిక్ ఆమ్లం ఉండనే ఉన్నాయి.

అసలు ప్రమాదం పేరు లేని పొడులతో, కట్టలు కట్టి ఇచ్చే మాత్రలతో. 'వారంలో మాయం' అని ఇచ్చే కొన్నింట్లో లోపలికి తీసుకునే స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వేసుకుంటున్నంతకాలం ఒళ్లు నున్నగా ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే ఒంటినిండా చీము పొక్కులు లేవొచ్చు, చర్మమంతా ఎర్రబారి ఆసుపత్రి పాలు కావొచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు! ఏ పద్ధతి వైద్యమైనా సరే, లోపల ఏముందో చెప్పని మందు నోట్లో వేసుకోకపోవడమే క్షేమం.

అరచేతి లెక్క

పూతమందు చాలదని ఎలా తెలుస్తుంది? చర్మ వైద్యులకు ఒక తేలిక లెక్క ఉంది. వేళ్లతో సహా మన అరచేయి మన ఒంట్లో దాదాపు ఒక శాతం. మచ్చలన్నీ కలిపి పది అరచేతులు దాటితే జబ్బు తీవ్రమైనట్టే.

అయితే ఆ లెక్క ఒక్కటే చాలదు. అరచేతిలోనే సోరియాసిస్ వచ్చి కీబోర్డు నొక్కలేనివాళ్లు ఉంటారు. మాడు మీదో, మర్మావయవాల దగ్గరో రెండే మచ్చలున్నా దురదతో నిద్రలేనివాళ్లు ఉంటారు. వీళ్లకోసమే 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్ వైద్యులు పది ప్రశ్నల పట్టిక తయారుచేశారు. దాన్నే డీఎల్‌క్యూఐ అంటారు. ఒక్కో ప్రశ్నకు మూడు మార్కులు, మొత్తం ముప్ఫై. పది దాటితే జీవితం మీద జబ్బు దెబ్బ గట్టిగా పడుతున్నట్టు. ఇంతకీ అందులో మొట్టమొదటి ప్రశ్న దేని గురించో తెలుసా? గడిచిన వారంలో దురద, నొప్పి, మంట ఎంత ఉందన్నదే!

చాలామంది డాక్టరు ముందు చొక్కా చెయ్యి పైకి లాగి మచ్చ చూపించి ఊరుకుంటారు. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోందో చెప్పరు. చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు. వారం రోజులు దురదకు పదికి ఎన్ని మార్కులో, ఎన్ని గంటలు నిద్రపోయారో ఫోనులో రాసుకుని వెళ్తే చికిత్స నిర్ణయమే మారిపోవచ్చు. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోవడం, మడమ నొప్పి ఉన్నా చెప్పాలి. కీబోర్డు వల్లేలే అని సరిపెట్టుకుంటారు గానీ, సోరియాసిస్ ఉన్న ఐదుగురిలో దాదాపు ఒకరికి అది కీళ్లలోకీ దిగుతుంది. ఆలస్యమైతే కీళ్లు వంకర్లు పోతాయి.

లైటు కింద నిలబడితే...

తర్వాతి మెట్టు కాంతి చికిత్స. 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని, అంటే న్యారోబ్యాండ్ యూవీబీని, లెక్క ప్రకారం ఒంటి మీద పడనిస్తారు. వారానికి రెండు మూడుసార్లు, మొత్తం ఇరవై ముప్ఫై సిట్టింగులు. దురద కూడా తగ్గుతుంది. గర్భిణులకూ ఇవ్వొచ్చు. చిక్కల్లా సమయంతోనే. బయోడైవర్సిటీ కూడలి దాటడానికే అరగంట పట్టే చోట వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లడం ఎంతమందికి కుదురుతుంది? 2024లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం ఈ విషయంలో ఊరటనిచ్చింది. డాక్టరు పర్యవేక్షణలో ఇంట్లోనే తీసుకున్న కాంతి చికిత్స ఆసుపత్రిలో తీసుకున్నదానికి తీసిపోలేదని 783 మందిపై జరిపిన ఆ పరిశీలనలో తేలింది.

అలాగని బావంచాల నూనె రాసుకుని ఎండలో నిలబడటం దీనికి బదులు కాదు. అందులోని సోరాలిన్ కాంతితో కలిస్తే ఎంత శక్తిమంతమో వైద్యానికీ తెలుసు. 1974 నుంచి వాడుకలో ఉన్న పూవా చికిత్స దాని మీదే నడుస్తుంది. కొలత లేకుండా చేస్తే బొబ్బలే మిగులుతాయి.

భీమవరం బిడ్డ ఇచ్చిన మాత్ర

తీవ్రమైన సోరియాసిస్‌కు ఎక్కువగా రాసే మాత్ర మెథోట్రెక్సేట్. 'అది క్యాన్సర్ మందట కదా' అని పేరు వినగానే భయపడతారు. నిజమే. దాని వెనక ఉన్నది మన తెలుగువాడే! 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన అన్నదమ్ములను బలి తీసుకుంది. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. తర్వాత ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోటెరిన్, మెథోట్రెక్సేట్‌లను రూపొందించింది. అమినోటెరిన్‌తోనే 1948లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించగలిగారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. 1951లో కీళ్లవాతానికి అమినోటెరిన్ ఇచ్చి చూస్తున్న అమెరికన్ వైద్యులకు, ఒక రోగి ఒంటి మీది సోరియాసిస్ మచ్చలు మాయం కావడం కనిపించింది. ఆ దారిలోనే మెథోట్రెక్సేట్ చర్మ వైద్యంలోకి వచ్చింది.

సోరియాసిస్‌కు వాడే మోతాదు క్యాన్సర్‌కు ఇచ్చే దానితో పోలిస్తే చాలా తక్కువ. దుష్ఫలితాలు తగ్గడానికి తోడుగా ఇచ్చే మాత్ర ఏదంటే... ఫోలిక్ యాసిడ్. మందూ, దానికి కాపలా మందూ రెండూ ఆ ఒక్క ప్రయోగశాల చలవే!

ఒక్క మాట మాత్రం గోడ మీద రాసిపెట్టుకోవాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు క్రమం తప్పకూడదు. వారాంతపు పార్టీల్లో మద్యం మానలేనివాళ్లు ఆ సంగతి దాచకూడదు, కాలేయానికి రెండూ కలిస్తే ముప్పు. గుణం కనిపించడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది. రెండు వారాలకే పనిచేయలేదని మానేయకూడదు. మాత్ర ఖరీదు కొన్ని రూపాయలే.

ఇవి కాక సైక్లోస్పోరిన్ త్వరగా పనిచేస్తుంది గానీ బీపీ, కిడ్నీల మీద కన్నేయాలి. ఎక్కువకాలం వాడరు. 2017 నుంచి మన దేశంలో దొరుకుతున్న అప్రెమిలాస్ట్‌కు రక్తపరీక్షల బాదరబందీ తక్కువ. మొదట్లో వికారం, విరేచనాలు ఉండొచ్చు. దాని బలమూ ఒక మోస్తరే.

సూదిమందుల కాలం

గత రెండు దశాబ్దాల్లో వచ్చిన పెద్ద మార్పు బయోలాజిక్ ఇంజెక్షన్లు. ఇవి రోగనిరోధక వ్యవస్థ మొత్తాన్ని కాకుండా టీఎన్‌ఎఫ్, ఐఎల్-17, ఐఎల్-23 లాంటి ఒక్కో సంకేతాన్ని పట్టుకుంటాయి. ఐఎల్-17ను అడ్డుకునే సెకుకినుమాబ్‌తో మూడు నెలల్లో పదిమందిలో ఎనిమిది మందికి జబ్బు మూడొంతులకు పైగా తగ్గినట్టు పెద్ద పరీక్షల్లో తేలింది. చాలామందికి దురద మొదటి వారాల్లోనే నెమ్మదిస్తుంది. మన దేశమూ వెనకబడలేదు. 2013లో బెంగళూరుకు చెందిన బయోకాన్ ఇటోలిజుమాబ్‌ను తెచ్చింది. 2014లో జైడస్ సంస్థ అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్‌ను విడుదల చేసింది. పోటీతో ధరలు కొంత దిగినా ఇప్పటికీ ఇవి ఖరీదైనవే.

ఇంజెక్షన్‌కు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. మన దేశంలో చాలామంది ఒంట్లో క్షయ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. ముఖ్యంగా టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు దాన్ని నిద్రలేపొచ్చు. హెపటైటిస్ పరీక్షలూ చేస్తారు. మందు ఆపితే జబ్బు తిరిగిరావచ్చని కూడా ముందే తెలుసుకోవాలి.

కంపెనీ బీమా ఉన్నవాళ్లు ఒక సంగతి కనుక్కోవాలి. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన ఆధునిక చికిత్సల జాబితాలో ఇంజెక్షన్‌గా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీలు ఉన్నాయి. చాలా బయోలాజిక్‌లు ఆ కోవలోవే. పాలసీలో ఎంత పరిమితి ఉంది, ఆసుపత్రిలో చేరాలా అన్నది హెచ్‌ఆర్‌ను, బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగడం మంచిది. బీమా లేనివాళ్లకు ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్ దగ్గర రైలు మారితే గాంధీ ఆసుపత్రి స్టేషన్‌లోనే దిగొచ్చు.

ఎవరికి ఏది?

పక్క సీటాయనకు పనిచేసిన మందు మనకూ నప్పాలని లేదు. పిల్లలు కావాలనుకుంటున్న స్త్రీకి మెథోట్రెక్సేట్ పనికిరాదు. అసిట్రెటిన్ అయితే ఆపాక కూడా మూడేళ్లు గర్భం రాకూడదు. కాబట్టి పెళ్లి కుదిరిందన్నా, బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నామన్నా డాక్టరుకు ముందే చెప్పాలి, మగవాళ్లు కూడా. 'పిల్లలకూ వస్తుందేమో' అన్న భయం సంబంధాలు చూసే ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. జన్యువుల పాత్ర ఉన్నమాట నిజమే. కానీ తల్లిదండ్రుల్లో ఒకరికే ఉన్నప్పుడు ఎక్కువమంది పిల్లలకు రాదు. దాచి పెళ్లి చేసి తర్వాత బాధపడేకంటే, ఈ ఒక్క మాట ముందే చెప్పుకోవడం రెండిళ్లకూ మేలు.

సోరియాసిస్ ఉన్నవాళ్లలో మధుమేహం, గుండెజబ్బు, కుంగుబాటు ముప్పు కాస్త ఎక్కువ. ఏడాదికోసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. మనసు బాగా లేకపోతే అదీ చెప్పాలి.

డాక్టరును ఇవి అడగండి

• నాది ఏ స్థాయి? పూతమందు ఇంకా ఎన్నాళ్లు చూద్దాం?
• ఈ మందుతో దురద ఎన్నాళ్లకు తగ్గుతుంది? తగ్గకపోతే తర్వాతి మెట్టు ఏమిటి?
• ఏ పరీక్షలు, ఎన్నాళ్లకోసారి?
• పిల్లలు, మద్యం, నేను వాడే ఇతర మందులు... వీటితో చిక్కుందా?
• ఏడాదికి మొత్తం ఖర్చెంత? మధ్యలో ఆపాల్సివస్తే ఏమవుతుంది?

సోరియాసిస్‌ను శాశ్వతంగా పోగొట్టే మందు ఇంకా రాలేదు. అలా చెప్పి డబ్బు గుంజేవాళ్లకు దూరంగా ఉండాలి. కానీ నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి, మచ్చా దురదా లేకుండా ఉంచే మందులు ఇవాళ చేతిలో ఉన్నాయి. 'ఎలాగూ పూర్తిగా పోదు కదా' అని రాత్రులన్నీ ఆ దురదకే రాసివ్వాల్సిన పనిలేదు.

గచ్చిబౌలిలోని ఆ పన్నెండో అంతస్తుకు కావలసింది అద్భుతమేమీ కాదు. దుప్పటి దులపకుండానే తెల్లారే ఒక్క రాత్రి. నచ్చిన నల్ల చొక్కా తొడుక్కునే ఒక్క ఉదయం. రెండూ అందేంత దూరంలోనే ఉన్నాయి. చొక్కా చెయ్యి కిందికి లాక్కోకుండా, దురద సంగతి ఒకసారి డాక్టరుకు పూర్తిగా చెప్పడమే తరువాయి!